లమ్‌బ్రిడ్జ్ వంటవాడు మళ్లీ పిలిచాడు: ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌తో ఆరేళ్లు

గుడ్డు, పాలు, గోధుమపిండి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో నేను చేసిన మొట్టమొదటి పని ఈ మూడూ తెచ్చి లమ్‌బ్రిడ్జ్ కోటలో వంటవాడికి ఇవ్వడం. ఆ రోజు డ్యూక్ పుట్టినరోజు. కేక్ చేయాలి, సరుకులు తెప్పించడం మర్చిపోయాడు, ఉద్యోగం పోతుందని హడలిపోతున్నాడు. కోళ్ల దొడ్లో గుడ్డు తీసుకున్నాను, ఆవు దగ్గర పాలు పితికాను, చేలో గోధుమలు తెంపి మిల్లు పై అంతస్తుకి మోసుకెళ్లి తొట్టిలో పోశాను, మళ్లీ కిందికి దిగి పిండిని కుండలో నింపుకున్నాను. ఇరవై నిమిషాల పని. 2019 జూన్‌లో, ఫోన్‌లో. ఆ వంటవాడిని ఆ రోజే మర్చిపోయాను.

రెండున్నరేళ్ల తరువాత అదే వంటింట్లో అదే మనిషి నన్ను మళ్లీ సాయం అడిగాడు. అప్పటినుంచీ ఈ ఆట ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను చెప్పేది క్వెస్ట్‌ల గురించే, అంటే ఆటలోని మనుషులు కథగా చెప్పి మనకి ఇచ్చే పనుల గురించే. పాతకాలపు గ్రాఫిక్స్, రూన్‌స్కేప్ ఆట 2007 ఆగస్టు నాటి కాపీని 2013లో ఓటింగ్ పెట్టి తిరిగి తేవడం, ఇవన్నీ ఆడేవాళ్లకి తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు వేరే ఆన్‌లైన్ ఆటలు చాలా ఆడాడు. 2020లో ఇంట్లో ఉన్నప్పుడు నేనే వాడిచేత దీన్ని ఇన్‌స్టాల్ చేయించాను. మొదలుపెట్టిన పావుగంటకి పక్క గదిలోంచి కేకేశాడు.

"అక్కా, గుడ్డు ఎక్కడుందో మ్యాప్‌లో చూపించట్లేదేంటి?"

"వంటవాడు ఏం చెప్పాడో చదివావా?"

"అది చదవాలా?"

వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. వాడు ఆడిన ఆటలు వాడికి అలాగే నేర్పాయి. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాక తల మీద పసుపు రంగు ఆశ్చర్యార్థకం ఉన్న మనిషి అంటే పని ఇచ్చే మనిషని లోకమంతా అలవాటు పడింది. నొక్కు, ఒప్పుకో, పది తోడేళ్లని చంపు, తిరిగొచ్చి డబ్బు తీసుకో. ఆ మధ్యలో ఉన్న పేరాగ్రాఫ్ చదివినా చదవకపోయినా జరిగేది అదే. లెవెల్ పెరగాలంటే అలాంటివి వందల కొద్దీ కావాలి, వందల కొద్దీ రాయాలంటే అన్నీ ఒకేలా ఉంటాయి.

రూన్‌స్కేప్‌లో ఆ బరువు క్వెస్ట్ మీద లేదు. లెవెల్స్ చెట్లు కొట్టి, చేపలు పట్టి, రాళ్లు తవ్వి పెంచుకుంటాం. గంటల తరబడి చేసే ఆ పనికి కథ అక్కర్లేదు. అందుకని క్వెస్ట్ అనేది కథగానే ఉండగలిగింది. ఉన్నవి నూట యాభైకి పైగా, ఒక్కోటీ విడిగా కూర్చుని రాసినవి, ఒకసారి పూర్తిచేస్తే మళ్లీ చేయడానికి ఉండదు. లిస్టులో ఎర్రగా ఉన్న పేరు మొదలుపెడితే పసుపు అవుతుంది, పూర్తయితే ఆకుపచ్చ అవుతుంది. వాటర్‌ఫాల్ క్వెస్ట్‌నే చూడండి, అందులో కత్తి దూయకుండానే అటాక్, స్ట్రెంగ్త్ అనే రెండు నైపుణ్యాల్లో చెరో 13,750 పాయింట్లు ఇస్తారు. ఒకటో లెవెల్‌లో ఉన్న మనిషి నేరుగా ముప్పైకి వెళ్తాడు. చాలా క్వెస్ట్‌లకి బహుమతి అంకె కూడా కాదు, దారి. ఫెయిరీటేల్ రెండో భాగం మొదలుపెడితే ఫెయిరీ రింగ్‌లు తెరుచుకుంటాయి, చాలాసేపు నడిచి వెళ్లిన చోటికి రెప్పపాటులో చేరతాం.

ఇక వంటవాడి దగ్గరికొస్తాను.

2006లో వచ్చిన రెసిపీ ఫర్ డిజాస్టర్ ఈ ఆటకి నూరో క్వెస్ట్. చివర్లో 1,30,000 కాయిన్లకి కొనుక్కోగలిగే బారోస్ గ్లవ్స్ అనే చేతితొడుగుల కోసమే చాలామంది దాన్ని చేస్తారు. నేనూ వాటి కోసమే మొదలుపెట్టాను. వంటవాడు ఈసారి అడిగినవి వింతగా ఉన్నాయి: కుళ్లిన టమాటా, బూడిద కలిపిన పళ్లరసం, అలాంటివి. తెచ్చిచ్చాను. రహస్య మండలి విందు జరుగుతోంది రమ్మని భోజనశాలలోకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక మాంత్రికుడు ఊడిపడ్డాడు, ఇంకో మంత్రగత్తె కాలాన్ని ఆపేసింది, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే బిగుసుకుపోయారు. ఒక్కొక్కరికీ వాళ్లకి ఇష్టమైన వంటకం తినిపించి విడిపించాలి. ఒకరికి స్ట్యూ, ఒకరికి కూరిన పాము, ఒకరికి ఏదో పక్షి మాంసం.

వాళ్లలో లమ్‌బ్రిడ్జ్ గైడ్ అనే మనిషి ఉన్నాడు. అతనికి కావాల్సింది కేక్. ఏమేం కావాలని చూస్తే గుడ్డు, పాలు, గోధుమపిండి. ఈసారి వాటిని విజార్డ్స్ టవర్‌లో ట్రైబోర్న్ అనే మాంత్రికుడి దగ్గరికి పట్టుకెళ్లి, అతనడిగే ప్రశ్నలకి జవాబు చెప్పి మంత్రం వేయించుకోవాలి. కానీ సరుకులు అవే మూడు. నేను ఫోన్ పక్కన పెట్టేసి వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. అదే కోళ్ల దొడ్డి, అదే చేను, అదే మిల్లు మెట్లు. నా చేతిలో ఇప్పుడు మంచి కత్తి ఉంది, ఒంటి మీద కవచం ఉంది, పిండి తొట్టి మాత్రం అప్పుడెక్కడుందో అక్కడే ఉంది. 2001 జనవరిలో ఆట మొదలైన రోజుల్లోనే వంటవాడి క్వెస్ట్ ఉంది. ఐదేళ్ల తరువాత రాసినవాళ్లు వెనక్కి వెళ్లి, అన్నిటికన్నా చిన్న దాన్ని వెతికి తీసి, అంత పెద్ద విందుకి దాన్నే పునాదిగా పెట్టారు. ఆట నన్ను గుర్తుపెట్టుకుందన్న సంతోషం ఇంకే ఆటలోనూ నాకు కలగలేదు.

అదే క్వెస్ట్‌లో, బిగుసుకుపోయినవాళ్లలో ఒకడైన ఈవిల్ డేవ్ భాగం నాకు ఇంకా ఇష్టం. అతనికి మసాలా స్ట్యూ కావాలి. మసాలాలు నాలుగు రంగులు: ఎరుపు, నారింజ, పసుపు, గోధుమ. ఎడ్జ్‌విల్‌లో వాళ్లమ్మ ఇంటి నేలమాళిగలో తిరిగే ఎలుకలని మన పిల్లి పట్టుకుంటే ఆ మసాలాలు దొరుకుతాయి. పిల్లి ఉండాలంటే ముందు పిల్లిపిల్లని పెంచాలి. ఆకలేస్తే చేప పెట్టాలి, అప్పుడప్పుడు నిమరాలి, పట్టించుకోకపోతే వెళ్లిపోతుంది. నా మొదటి పిల్లిపిల్ల అలాగే వెళ్లిపోయింది. రెండోదాన్ని జాగ్రత్తగా పెంచాను.

అసలు విషయం ఏమిటంటే ఏ మసాలా ఎన్ని పాళ్లన్నది ఒక్కో ఆటగాడికి ఒక్కోలా ఉంటుంది. నాది మీకు పనికిరాదు, మీది నాకు పనికిరాదు. వికీలో ఎంత వెతికినా నా కొలత దొరకదు. పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీలో నాలుగు గడులు గీసుకుని, చేసిన ప్రతి స్ట్యూకీ ఎరుపెంత, పసుపెంత అని రాసుకున్నాను. మూడు రాత్రులు పట్టింది. ఒకదాన్ని పెంచి, ఒకదాన్ని తగ్గించి, మళ్లీ ఎలుకలు, మళ్లీ స్ట్యూ. మా అమ్మ పులుసు కాస్తూ అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసి చిటికెడు ఉప్పు వేసినట్టే ఉంది నాకు. తొమ్మిదో వరసలో కుదిరింది. ఆ పేజీ ఇప్పటికీ పుస్తకంలో ఉంది, దాని కింద 2022 ఫిబ్రవరి పాల లెక్క ఉంది.

గైడ్ లేకుండా అంత ఆనందంగా చేశానని చెప్పాను కదా. అదే క్వెస్ట్‌లో మిగతా భాగాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉండే గైడ్ చూసే చేశాను. చూడక తప్పదు. డ్రాగన్ స్లేయర్ అనే క్వెస్ట్‌లో ఒక మ్యాప్ ముక్క ఉన్న తలుపు తెరుచుకోవాలంటే ఎండ్రకాయలు పట్టే బుట్ట, కాల్చని గిన్నె, ఒక రకం సారా, పట్టుబట్ట కావాలి. ఆరకిల్ అనే జోస్యురాలు చెప్పే పొడుపుకథలోంచి అవి పట్టుకోవచ్చు. ఓపికుంటే అది న్యాయమే. కానీ ఏ మూల పెట్టె వెతకాలో, ఏ గోడ తోయాలో ఎక్కడా చెప్పని క్వెస్ట్‌లూ ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట స్కూలు పిల్లలు మధ్యాహ్నాలన్నీ కూర్చుని ఒకరికొకరు చెప్పుకుని ఛేదించిన పజిల్స్ అవి. షాపు కట్టేసి తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చి, అన్నం తిన్నాక గంటసేపు ఆడే నాలాంటి మనిషికి ఆ మధ్యాహ్నాలు లేవు. కంప్యూటర్‌లో ఆడేవాళ్లు క్వెస్ట్ హెల్పర్ పెట్టుకుంటారు, తరువాత ఎక్కడ నొక్కాలో అదే వెలిగించి చూపిస్తుంది. అది పెట్టుకున్నాక ఒక్క మాటా చదవకుండా క్వెస్ట్ అయిపోతుంది. అంటే మా తమ్ముడు మొదటి రోజు అడిగిన మ్యాప్ గుర్తు చివరికి వచ్చేసినట్టే.

పది తోడేళ్ల పని ఇక్కడ అసలు లేదని కూడా అనను. ఇంప్ క్యాచర్‌లో నాలుగు రంగుల పూసలు రాలేదాకా ఇంప్‌లనే చిట్టి దయ్యాలని చంపడమే పని. అలాంటివి తక్కువ, అంతే.

వన్ స్మాల్ ఫేవర్ గురించి మాత్రం ఎవరితోనైనా వాదిస్తాను. షీలో విలేజ్‌లో ఒకాయన దుంగలు తెచ్చిపెట్టమంటాడు. దుంగలు ఉన్నవాడు తన మొద్దుబారిన గొడ్డళ్లు పదును పెట్టించుకు రమ్మంటాడు. పదును పెట్టేవాడు తనకి సాక్ష్యం చెప్పే మనిషిని ఒప్పించమంటాడు. ఆ మనిషికి ఇంకో పని. లోకమంతా తిరిగి, చివరి మనిషి దగ్గర్నుంచి ఒక్కో ముడీ విప్పుకుంటూ మొదటివాడి దగ్గరికి రావాలి. ఆడేవాళ్లలో చాలామందికి ఇదంటే ఒళ్లుమంట. నాకు మూడో మనిషి దగ్గరే ఏడు చేపల కథ గుర్తొచ్చింది. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డి అడ్డమొచ్చింది. గడ్డీ గడ్డీ ఎందుకు అడ్డమొచ్చావు, ఆవు మేయలేదు. చీమ దాకా వెళ్తే గానీ తేలదని చిన్నప్పుడే తెలిసినవాళ్లకి ఇందులో విసుగేముంది? రెండు ఆదివారాలు హాయిగా గడిచాయి. ఒకే బిగిన చేయాలని కూర్చుంటే మాత్రం విసుగొస్తుంది, అది ఒప్పుకుంటాను.

నాకు నిజంగా లోటనిపించేది వేరే ఉంది. పేరుకి ఇది వేలమంది కలిసి ఆడే ఆట, కానీ క్వెస్ట్‌లు దాదాపు అన్నీ ఒంటరి పనే. షీల్డ్ ఆఫ్ అరావ్ అలా కాదు. వారాక్‌లో రెండు ముఠాలు ఉంటాయి, డాలు సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర. ఒక మనిషి రెండిట్లోనూ చేరడానికి లేదు. తమ్ముడు ఫీనిక్స్ ముఠాలో చేరాడు, నేను బ్లాక్ ఆర్మ్‌లో. ఆయుధాల గది తాళంచెవి వాడిస్తే తప్ప నేను ముఠాలో చేరలేను. భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఫోన్‌లో తాళంచెవి అందుకున్నాను. మ్యూజియంలో సగం సగం సర్టిఫికెట్లు తీసుకుని మార్చుకున్నాం, రాజు దగ్గర చెరో 600 కాయిన్లు తీసుకున్నాం. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయక్కా?" అన్నాడు వాడు. హీరోస్ క్వెస్ట్‌లో ఆ ముఠాల జత మళ్లీ కావాలి. దాని తరువాత చెప్పడానికి నాకు పేరు దొరకలేదు. వాడు మూడు నెలలకి మానేశాడు. వాడు కోరుకున్నది నాతో కలిసి ఆడటం, ఆట వాడికి ఇచ్చింది పక్కపక్కన కూర్చుని విడివిడిగా చదువుకోవడం. వాడు అడిగినదాంట్లో అన్యాయం లేదు.

కనెక్షన్ గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. నేనెప్పుడూ యూకే వరల్డ్‌లలోనే, అంటే అక్కడి సర్వర్లలోనే ఆడాను. ఆట 0.6 సెకన్లకి ఒక అడుగు చొప్పున నడుస్తుంది కాబట్టి క్వెస్ట్‌లకి దూరం పెద్దగా తెలియదు. డ్రాగన్ స్లేయర్ చివర్లో ఎల్వార్గ్ అనే డ్రాగన్ సగం చచ్చినప్పుడు మా వీధిలో కరెంటు పోయి వైఫై ఆగిపోయింది. మొబైల్ డేటా పెట్టుకుని తిరిగొచ్చేసరికి చచ్చిపోయి మళ్లీ లమ్‌బ్రిడ్జ్‌లో నిలబడి ఉన్నాను. ఆ డ్రాగన్ ఉండే క్రాండర్ దీవి నుంచి కరమ్‌జా దీవికి వచ్చే రహస్య ద్వారం ముందే తెరిచిపెట్టుకున్నాను గనక మళ్లీ ఓడెక్కాల్సిన పని పడలేదు. ఆ ద్వారం పెట్టినవాళ్లకి అప్పుడు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

కొత్తవి కూడా బాగున్నాయి. ఆటలోకి పెద్ద మార్పు ఏది రావాలన్నా ఆడేవాళ్ల ఓటు కావాలి. మొదట 75 శాతం ఉండాలనేవారు, ఇప్పుడు 70. 2019లో సాంగ్ ఆఫ్ ది ఎల్వ్స్, 2023లో డెజర్ట్ ట్రెజర్ రెండోది వచ్చాయి. 2008 నాటి వైల్ గుథిక్స్ స్లీప్స్‌ని 2024లో మళ్లీ తయారుచేశారు. కొత్తవాటిలో ఏం చేయాలన్నది మాటల్లోనే తెలుస్తుంది, గోడలు తడమాల్సిన అవసరం తక్కువ. పెద్ద శత్రువులతో చేసే బాస్ పోరాటాలు మాత్రం చాలా కఠినం, చిన్న తెర మీద వేలితో ఆడటం నాకు కష్టంగా ఉంది.

కాబట్టి నా మాట ఇది. నేను ఒంటరిగా ఆడతాను, రోజుకి గంట, ఇంగ్లీషులో డైలాగులు చదవడం నాకు ఇష్టం, తొందర లేదు. ఇవన్నీ మీకూ ఉంటే మెంబర్‌షిప్ డబ్బు దండగ కాదు. ముందు ఉచితంగా దొరికే క్వెస్ట్‌లు చేసి చూడండి, డ్రాగన్ స్లేయర్ నచ్చకపోతే అక్కడే ఆపేయొచ్చు. స్నేహితులతో కలిసి యుద్ధాలు చేయాలనుకుంటే క్వెస్ట్‌ల కోసం మాత్రం దీనికి రాకండి. డేవ్ స్ట్యూ దగ్గరికి వచ్చేటప్పుడు ఫోన్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పిల్లిపిల్లకి చేపలు ముందే దగ్గర పెట్టుకోండి.

నా లిస్టులో ఇంకా పద్నాలుగు పేర్లు ఎర్రగా ఉన్నాయి.