ఏళ్లుగా బ్యాంకాక్‌లో రోజూ వాడుతున్న ప్రాంప్ట్‌పే: నా అనుభవం, ఆ తొమ్మిది రోజుల సంగతి

2017 జూన్‌లో బ్యాంకాక్ వచ్చా, లెక్కల టీచర్‌గా. తెనాలి నుంచి ఎవరు ఫోన్ చేసినా అడిగేవి అవే, వీసా ఎలా, అద్దె ఎంత, మన తిండి దొరుకుతుందా, ఫిబ్రవరిలో పొగ నిజంగా అంత ఉంటుందా అని. అవన్నీ చాలామంది రాశారు, 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి అడ్రస్ చెప్పుకోవడం గురించైతే కొత్తగా చెప్పేదేం లేదు. నేను రాయాలనుకుంటున్నది ప్రాంప్ట్‌పే ఒక్కదాని గురించే, ఇక్కడి యూపీఐ అనుకోండి. ఈ ఊరు నాకు సొంత ఊరిలా అనిపించడానికి సగం కారణం అదే, 2025 సెప్టెంబర్‌లో తొమ్మిది రోజులు నన్ను ఏడిపించిందీ అదే.

నేను నోట్ల రద్దు తర్వాత ఏటీఎం లైన్లలో నిలబడి నిలబడి వచ్చినవాణ్ణి. ఇక్కడ కూడా మొదటి ఏడాది అంతా నోట్లే. భాష రాదు. థాయ్‌లో అంకెలు నేర్చుకోవడం తేలికే గానీ స్వరం మారితే అర్థం మారుతుంది, వాళ్లు గబగబా చెబితే 45 అన్నారో 55 అన్నారో తెలిసేది కాదు, అందుకని ఎప్పుడూ వంద నోటు ఇచ్చి చిల్లర తీసుకునేవాణ్ణి. జేబు నిండా నాణేలు. ప్రాంప్ట్‌పే 2017 జనవరిలోనే మొదలైంది, కానీ 2018 మార్చిలో పెద్ద బ్యాంకులు మొబైల్ ట్రాన్స్‌ఫర్ ఛార్జీలు తీసేశాక అసలు ఊపు వచ్చింది, కోవిడ్‌తో ఇక సందు సందుకీ వెళ్లింది. సందు చివర నారింజ రంగు చొక్కా వేసుకునే మోటార్‌సైకిల్ టాక్సీ అబ్బాయి మెడలో క్యూఆర్, జామకాయలు కోసి ఉప్పూకారం పొట్లం ఇచ్చే బండి మీద క్యూఆర్, గుడి హుండీ మీద క్యూఆర్. పది బాట్ అయినా మొహం చిట్లించరు.

నేను రోజూ మధ్యాహ్నం తినే అన్నంకూరల కొట్టు ఒకటుంది ఆన్ నుట్ వైపు, ఖావ్ కేంగ్ అంటారు, అన్నం మీద రెండు కూరలు వేసి 50 బాట్. ఆవిణ్ణి అందరూ పా అంటారు. పా అంటే అచ్చం మన పెద్దమ్మ, అమ్మకన్నా పెద్దావిణ్ణే అలా పిలవాలి, చిన్నదైతే ఇంకో మాట, ఈ విషయంలో థాయ్ మన తెలుగుకి ఎంత దగ్గరో ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడేవాళ్లకి తెలియదు. నన్ను ఖ్రూ అంటుంది, గురువు అని. మొదటిసారి స్కాన్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఆవిడ అసలు పేరు వచ్చింది. ఇక్కడ అందరికీ ముద్దుపేర్లు ఉంటాయి, అసలు పేరు పక్కింటివాళ్లకి కూడా తెలియదు ఒక్కోసారి. అంతవరకూ పా అని మాత్రమే తెలిసిన మనిషి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నా ఫోన్‌లో. ఆవిడ కూడా స్లిప్ చూపించమని నా ఇంటిపేరు చదవడానికి ప్రయత్నించి, కుదరక నవ్వేసింది. ఆ రోజు నుంచి నేను కొనేవాడిని కాదు, తెలిసినవాణ్ణి. ఇలాంటిది ఏ యాప్ రేటింగ్‌లోనూ రాదు గానీ నాకైతే అదే మొదటి లాభం.

రాజకీయాలు కూడా నాకు పా కొట్టులో ఆ క్యూఆర్ బోర్డు దగ్గరే అర్థమయ్యాయి. మనకి ఓటు లేదు, పైగా రాజకుటుంబాన్ని అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు వేసే 112వ సెక్షన్ ఉంది, కాబట్టి వర్క్ పర్మిట్ మీద బతికేవాడు నోరు అదుపులో పెట్టుకోవాలి, పెట్టుకున్నా కూడా. కానీ కళ్లు మూసుకోలేం కదా. నేను వచ్చాక నలుగురు ప్రధానుల్ని చూశా. ప్రయుత్, తర్వాత స్రెత్తా, తర్వాత పేతోంగ్తార్న్, 2025 సెప్టెంబర్‌లో అనుతిన్. 2023 ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ, 151 సీట్లు గెలిచిన మూవ్ ఫార్వర్డ్ పార్టీ నాయకుణ్ణి ఎగువ సభ, అంటే సెనేట్, ప్రధాని కానివ్వలేదు, మరుసటి ఏడాది ఆగస్టులో ఆ పార్టీనే కోర్టు రద్దు చేసింది, సరిగ్గా వారానికి స్రెత్తాని కూడా అదే కోర్టు దించేసింది. మా స్కూల్లో కుర్ర టీచర్లు ఆ వారం అసలు మాట్లాడలేదు. లంచ్‌లో పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. నాకు బాధేసింది, ఓటు వేసి గెలిపించుకున్నవాళ్లని మళ్లీ మళ్లీ ఇలా చేయడం తప్పని నా అభిప్రాయం, దాన్ని ఇక్కడ రాస్తున్నా.

పా మాత్రం వేరేలా చూస్తుంది. అందరికీ 10,000 బాట్ డిజిటల్ వాలెట్‌లో వేస్తామని స్రెత్తా, పేతోంగ్తార్న్‌ల ఫ్యూథాయ్ పార్టీ వాగ్దానం చేసింది, చివరికి అది వాలెటూ కాదు అందరికీ కాదు, 2024 సెప్టెంబర్‌లో పేదలకీ వికలాంగులకీ, 2025 జనవరిలో 60 దాటినవాళ్లకీ మామూలు డబ్బుగానే ఐడీ నంబర్‌తో కలిపిన ప్రాంప్ట్‌పేలో పడింది. ఆవిడకి జనవరిలో పడింది. ఆ రోజు ఫోన్ తీసి మెసేజ్ చూపించింది, అంతకుముందు రోజు వరకూ ఆ ప్రభుత్వాన్ని తిట్టిన మనిషే. కొట్టు ఫ్రిజ్ మార్చింది దాంతో. ఆర్థికవేత్తలు ఏమన్నా గానీ ఆ ఫ్రిజ్‌లో నీళ్లు చల్లగా ఉన్నాయి, నేను తాగా. 2025 అక్టోబర్ 29 నుంచి డిసెంబర్ 31 దాకా అనుతిన్ ప్రభుత్వం సగం సగం స్కీం మళ్లీ తెచ్చింది, రోజుకి 200 బాట్ వరకూ సగం డబ్బు సర్కారు కట్టేది, కొట్టు ముందు దానికి వేరే బోర్డు పెట్టారు. అది పౌరులకే. పన్ను నేనూ కడుతున్నా గానీ దాని గురించి నాకు ఫిర్యాదు లేదు, వాళ్ల దేశం వాళ్ల డబ్బు.

అసలు సంగతికి వస్తా. సెప్టెంబర్ మొదట్లో మా వాడి పాత సైకిల్ ఆన్‌లైన్‌లో అమ్మాం, ఎవరో వచ్చి తీసుకెళ్లారు, 1,800 బాట్ ప్రాంప్ట్‌పే చేశారు, డబ్బు పడింది, మర్చిపోయాం. తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం పా దగ్గర తిని స్కాన్ చేస్తే కుదరలేదు. నెట్ అనుకున్నా. మళ్లీ చేశా. ఖాతా తాత్కాలికంగా నిలిపివేయబడింది, బ్యాంకుని సంప్రదించండి అని వచ్చింది. ఏటీఎంకి వెళ్తే అదే. జీతం పడేది అందులో, అద్దె కట్టేది అందులోంచి, మా వాడి స్కూల్ వ్యాన్ డబ్బులు సోమవారం కట్టాలి, చేతిలో ఉన్నది 240 బాట్. ఫోన్ పట్టుకుని రోడ్డు మీద నిలబడితే కాళ్లు వణికాయి, నిజం చెబుతున్నా.

బ్యాంకు పేరు రాయను. బ్రాంచిలో అమ్మాయి చాలా మర్యాదగా, రెండు చేతులూ జోడించి, మా చేతిలో లేదు, పోలీసుల నుంచి వచ్చింది అంది. ఇక్కడ బంచీ మా అని ఒక మాట ఉంది, గుర్రం ఖాతా. సైబర్ మోసగాళ్లు కొట్టేసిన డబ్బుని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి గుర్రం మీద వేసి పంపినట్టు పంపుతారు, అద్దెకి తీసుకున్న ఖాతాలవి. 2023 మార్చిలో తెచ్చిన చట్టం, దాన్ని 2025 ఏప్రిల్‌లో ఇంకా బిగించారు, ఆ ప్రకారం డబ్బు వెళ్లిన దారిలో ఉన్న ఖాతాల్ని ఆపేయొచ్చు. నా సైకిల్ కొన్న మనిషి దొంగో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, బహుశా అతనికి డబ్బు పంపినవాడికి పంపినవాడు దొంగ అయ్యుంటాడు. 1,800 కోసం మొత్తం ఖాతా ఆపేశారు. ఏ కేసు, ఎవరు పెట్టారు, ఎవర్ని అడగాలి, ఈ మూడింటికీ జవాబు దొరకడానికే ఆరు రోజులు పట్టింది. హెల్ప్‌లైన్‌లో థాయ్ పాట వినడం, మా స్కూల్ ఆఫీసులో పీ (అక్క) అని పిలిచే ఒకావిడ నా తరఫున మాట్లాడటం, సైకిల్ అమ్మిన చాట్ ప్రింట్లు, పాస్‌పోర్ట్, వర్క్ పర్మిట్, అద్దె కాగితం, ప్రతి పేజీ మీద సంతకం. తొమ్మిదో రోజు ఖాతా తెరుచుకుంది. క్షమించండి అని గానీ ఎందుకు ఆపారో గానీ ఒక్క మెసేజ్ రాలేదు. నాకు ఇంకా కోపం ఉంది దాని మీద.

నాకొక్కడికే కాదు. ఆ నెలలో ఇలా చిన్న వ్యాపారుల ఖాతాలు ఆగిపోతున్నాయని వార్తలు వచ్చి, చాలా కొట్ల వాళ్లు భయపడి క్యూఆర్ బోర్డులు తీసేసి నగదు మాత్రమే అని అట్టముక్కలు పెట్టారు. తర్వాత కేంద్ర బ్యాంకు కల్పించుకుని ఖాతా మొత్తం కాకుండా అనుమానం ఉన్న మొత్తాన్ని ఆపే దారి చూస్తామంది. అప్పుడే నాకు ఏటీఎం లైన్లు గుర్తొచ్చాయి. వ్యవస్థ బాగా పనిచేసినన్నాళ్లూ అది ఒకళ్ల చేతిలో ఉందని గుర్తుండదు.

ఆ శుక్రవారం నేను పా దగ్గరికి తిరిగి వెళ్లి ఉన్న నోట్లలోంచి ఇవ్వబోతే వద్దంది. తిత్ వాయ్ కోన్ అంది, ప్రస్తుతానికి బాకీ ఉంచు అని. కింద సొరుగులోంచి బడిపిల్లల నోట్‌బుక్ ఒకటి తీసి కొత్త పేజీలో ఖ్రూ అని రాసి 50 వేసింది. ఆ పేజీ తిప్పుతుంటే వెనక పేజీలు చూశా. అన్నీ పేర్లు, పక్కన అంకెలు, వారానికో గీత. కంబోడియా కూలీలవి. మా సందు వెనక కడుతున్న కాండో అపార్ట్‌మెంట్ల పనివాళ్లు అక్కడే తినేవాళ్లు, నగదు ఇచ్చేవాళ్లు, లేకపోతే వారం కూలి వచ్చాక ఇచ్చేవాళ్లు. 2025 జూలై 24న థాయ్-కంబోడియా సరిహద్దులో కాల్పులు మొదలై ఐదు రోజులు సాగి 28న మలేషియాలో కాల్పుల విరమణ ఒప్పుకున్నారు, ఆ రోజుల్లో లక్షల మంది కంబోడియా వాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. చాలామంది పేర్ల పక్కన గీత పడలేదు. 120, 85, 300. వస్తారా పా అని అడిగా. తెలియదు, భోంచెయ్యి అంది.

నేను ఇంతకుముందు మా చుట్టాలకి పది మందికి చెప్పి ఉంటా, ఇక్కడ కూలివాడి నుంచి కోటీశ్వరుడి దాకా అందరూ స్కాన్ చేసే కొంటారు అని. తప్పు చెప్పా. ఎదురుగా రోజూ తినేవాళ్లని చూడకుండా చెప్పా. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లందరూ అని చెప్పాల్సింది.

తొమ్మిది రోజులు ఆ పుస్తకం మీదే తిన్నా, మొత్తం 410 అయింది. ఖాతా తెరుచుకున్న రోజు స్కాన్ చేసి కట్టా, డబ్బు పడిందని కొట్లో స్పీకర్ అరిచింది, ఆవిడ నా పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది.

ఈ మోసాల సంగతి మన వాళ్లకి దూరం కాదు కాబట్టి ఒక మాట. థాయ్ సరిహద్దు ఊరు మే సోత్ అవతల, నది దాటితే మయన్మార్‌లో మ్యావడ్డీ, అక్కడి కాంపౌండ్లలో మనుషుల్ని బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. 2025 ఫిబ్రవరిలో థాయ్ ప్రభుత్వం అటువైపు కరెంట్ ఆపేసింది, మార్చిలో ఐదు వందల మందికి పైగా భారతీయుల్ని మే సోత్ నుంచి వాయుసేన విమానాల్లో ఇంటికి తీసుకెళ్లారు, వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. నాకు ఏడాదిలో ఇద్దరు ఫోన్ చేశారు, అన్నయ్యా బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, ఇంటర్వ్యూ లేదు, టికెట్ వాళ్లే ఇస్తారట, వెళ్లమంటావా అని. వద్దురా నాయనా, వెళ్లొద్దు అని బతిమాలా. నా ఖాతా ఆగినప్పుడు కోపంలో ఉన్నా ఇది మాత్రం మర్చిపోలేకపోయా, ఆ డబ్బు దారిని ఎవరో ఒకరు ఆపకపోతే అటు చివర ఎవరి పిల్లలు ఉంటారో నాకు తెలుసు. ఆపే తీరు మీదే నా గొడవ.

ఇంతకీ వాడొచ్చా అంటే, నా మటుకు నేను ఇప్పటికీ రోజూ వాడుతున్నా. కానీ నాకు ఉద్యోగం ఉంది, వర్క్ పర్మిట్ ఉంది, థాయ్‌లో మాట్లాడిపెట్టే పీ ఉంది స్కూల్లో, తొమ్మిది రోజుల్లో తేలడానికి కారణం అవే, లేనివాళ్లకి ఎన్నాళ్లు పట్టేదో చెప్పలేను. టూరిస్టుగా వచ్చేవాళ్లకి ఖాతా తెరవడమే కష్టం, వాళ్లు దీని మీద ఆశ పెట్టుకోకండి. ఉద్యోగానికి వచ్చేవాళ్లయితే రెండు వేర్వేరు బ్యాంకుల్లో తెరవండి, జీతం పడే ఖాతా నంబర్ ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇవ్వకండి, పాత సామాను అమ్మితే నోట్లే తీసుకోండి, ఇంట్లో ఒక ఐదు వేల బాట్ ఉంచుకోండి. 50,000 దాటిన ట్రాన్స్‌ఫర్‌కి మొహం స్కాన్ అడుగుతుంది, అద్దె అడ్వాన్సు కట్టే రోజు వెలుతురున్నచోట కూర్చుని చేయండి. రెండో ఖాతాకి నేను పోయిన వారమే వెళ్లా, వర్క్ పర్మిట్‌తో పాటు స్కూల్ నుంచి కొత్త తేదీతో లెటర్ కావాలన్నారు, అది వచ్చే మంగళవారం ఇస్తామన్నారు.