ట్యూబులో పోసే సీలెంట్: కడప నుంచి కర్నూలు దాకా నమ్ముకున్నాక

సైకిల్ ఏ కంపెనీది, గేర్లెన్ని అనేవి షాపులోనే చెబుతారు. నేను చెప్పేది ట్యూబులో పోసే తెల్లటి సీలెంట్ గురించి, అంటే ముల్లు దిగితే రంధ్రాన్ని లోపలి నుంచే మూసే ద్రవం. కడప చుట్టుపక్కల సైకిల్ తొక్కేవాళ్లకు ఎండ కంటే ముల్లంటేనే భయం. వానలు తగ్గాక రోడ్డు అంచుల్లో పల్లేరు కాయలు ఎండుతాయి. పొలం కంచెలకు సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టి ట్రాక్టర్లలో తోలుకుపోతుంటే దారి పొడుగునా ముళ్లు రాలతాయి. హైవే ఎక్కితే పేలిన లారీ టైర్లలోంచి ఊడిపడ్డ సన్న ఇనుప తీగలు. కంటికి ఆనవు గానీ ట్యూబును మాత్రం వదలవు.

తలసీమియా పిల్లల కోసం విరాళాలు పోగుచేసే రైడ్‌కు పేరిచ్చినప్పుడు నా టెన్షన్ అంతా ఈ ముళ్ల గురించే. ఆ పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, మందులు వేరే. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు, 200 కిలోమీటర్ల పైచిలుకు, ఒక్క రోజులో తొక్కాలి. చుట్టాలు, ఆఫీసువాళ్లు కిలోమీటరుకు ఇంతని రాసిచ్చారు. వెనక వచ్చే వ్యాన్ ఎక్కితే లెక్క అక్కడికే. "నువ్వు నంద్యాల దాటవులే బావా" అనే ధీమాతో మా బావమరిది అందరికంటే పెద్ద రేటు రాశాడు. రెండు చక్రాల్లోనూ సీలెంట్ పోయించడానికి అదీ ఒక కారణం.

దువ్వూరు దాటాక వెనక చక్రం దగ్గర చిస్ చిస్‌మని మొదలైంది. పిక్క మీద చల్లగా ఏదో పడింది. చూస్తే తెల్లటి చుక్కలు. దిగేసరికి టైరు సగం మెత్తబడింది, తుమ్మ ముల్లు అడ్డంగా విరిగి మొదలు మాత్రం కనిపిస్తోంది. దాన్ని గోటితో లాగగానే పాలలాంటి ద్రవం బుస్సున చిమ్మింది. వ్యాన్‌లోని కుర్రాడు అప్పటికే డోర్ తీసి "ఎక్కండి సార్" అంటున్నాడు. చక్రం నాలుగు చుట్లు తిప్పి, రంధ్రం కిందికి వచ్చేలా ఆపి నిలబడ్డాను. గాలితోపాటు బయటికి వచ్చే ఆ ద్రవం రంధ్రం అంచుల్లోనే గడ్డకట్టి మూసుకోవాలి, దాని పని అంతే. ముందు చిమ్మింది, తర్వాత నురగ, తర్వాత ఒక్కో బుడగ, ఆ తర్వాత ఏమీ లేదు. చేతి పంపుతో గాలి కొట్టాను, దిగలేదు. ట్యూబు మార్చే పని, చక్రం విప్పే పని, చేతికి గ్రీజు, ఏదీ లేకుండా మళ్లీ ఎక్కాను. నంద్యాలలో టీ తాగుతూ టైరు నొక్కి చూస్తే మైదుకూరులో ఎలా ఉందో అలాగే ఉంది. ఓర్వకల్లు దగ్గర నా ఊపిరి అయిపోయింది గానీ టైర్లో గాలి అయిపోలేదు. కర్నూలు చేరానని ఫోన్ చేస్తే బావమరిది కాసేపు మాట్లాడలేదు, కానీ డబ్బు మాత్రం ఆ రాత్రే పంపాడు.

ఆ ఊపులో అడిగినవాళ్లందరికీ పోయించుకోండని చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే, మీ సైకిల్ ఎక్కడ పెడతారని ముందు అడుగుతున్నాను. మాది పడమటి వరండా. మే నెలలో అక్కడ ఇనుప గేటు ముట్టుకోలేం. ఆ వేడికి లోపలి ద్రవం ఎండి ఉండలు కట్టింది. డబ్బా మీద నెలల లెక్క రాసి ఉంటుంది గానీ అది మన ఎండలకు సరిపోయేది కాదు.

గండికోట దారిలో, జమ్మలమడుగు దగ్గర, ముల్లు దిగినప్పుడు సంగతి బయటపడింది. రంధ్రం మూసుకోలేదు సరికదా, గడ్డ వాల్వులో ఇరుక్కుని పంపు గాలి కూడా లోపలికి పోలేదు. పంక్చర్ షాపతను ట్యూబు కోసి చూపించి, "ఏంది సా ఇది, మజ్జిగ పోసినారా? దీని మీద సొల్యూషన్ పట్టదు, ముక్క నిలవదు" అని పక్కన పడేశాడు. ఆ ట్యూబు అతికేది కాదన్నది నిజమే. బ్యాగులో స్పేర్ ట్యూబు ఉండబట్టి బతికిపోయాను. టైరు పక్కవాటు కోసుకుపోతే కూడా ఇది ఏమీ చేయలేదు, అంత చీలికకు ఆ గడ్డ చాలదు.

నేనైతే మానలేదు. ఎండాకాలం మధ్యలో ఒకసారి వాల్వు పిన్ను ఊడదీసి కొత్తది పోయిస్తున్నాను, సైకిల్ వంటింటి పక్క నీడలోకి మార్చాను. ఇంట్లో దాని మీద వేరే గొడవ. తెల్లారకముందే హైవే అంచున ఒంటరిగా పోయేవాడిని కాబట్టి నాకు ఖర్చు గిట్టుబాటే. బజారుకూ బడికీ తిరిగే సైకిల్‌కైతే వీధి చివరి పంక్చర్ షాపు చాలు. మీ ఊరి నేల నల్లరేగడి అయి ముళ్లు తక్కువైతే నా మాట లెక్కలోకి తీసుకోకండి. ఈ చలికాలం అనంతపురం నుంచి కర్నూలుకు ఇదే పిల్లల కోసం ఇంకో రైడ్ అనుకుంటున్నాం. గుత్తి, డోన్ మీదుగా పోవాలి. ఆ దారి ముళ్లు ఎలా ఉంటాయో గుత్తిలో ఉండే మా చిన్నాయన ఇప్పటికే చెప్పాడు. ఈసారి సీలెంట్‌తోపాటు రెండు స్పేర్ ట్యూబులు కూడా కట్టుకుంటున్నాను.