పాత ఫోర్ బై ఫోర్, వచ్చిపోయే ఏబీఎస్ లైటు: అరకు, పాడేరు, లంబసింగి

ఘాట్ రోడ్డులో డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగితే ముందు చూడాల్సింది పక్కన ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగిందా లేదా అని. పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ అవకుండా కాచే ఏర్పాటు, అంటే ఏబీఎస్, మాత్రం ఉండదు. రెండూ వెలిగితే బండి పక్కన పెట్టేసి, బ్రేక్ ఆయిల్ ఎంతుందో చూసుకున్నాకే మిగతా సంగతి. మా 2011 మోడల్ డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండికి వెలిగింది పసుపుదే కాబట్టి యాత్ర ఆపలేదు.

ఈ లైటు వైజాగ్‌లోనే అడపాదడపా కనబడేది. బయలుదేరే ముందు ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్ దాచుకున్న లోపం కోడ్ చెరిపేసి, "ఇప్పుడు లైటు లేదు కదండీ" అని బిల్లు చేతికిచ్చారు. మళ్లీ వెలిగిందని వెళితే ఏబీఎస్ మాడ్యూల్ (దాని కంప్యూటర్ పెట్టె) మొత్తం మార్చాలన్నారు. ఏసీ గదిలో కాఫీ బాగుంది. బండి కిందకి దూరి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ రీడర్ (బండిలోని లోపం కోడ్‌లు చదివే చిన్న పరికరం) కొని చూద్దామనుకునేవాళ్లకు ఒక మాట: వాటిలో చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ కంప్యూటర్ వేరు, దాన్ని చదివే స్కానర్ వేరు.

శృంగవరపుకోట దాటి, బొడ్డవర తర్వాత ఘాట్ మొదలయ్యాక అసలు విషయం బయటపడింది. పక్క సీట్లో మా బావమరిది. "బావా, మళ్లీ వచ్చింది" అన్న ప్రతిసారీ మేం ఎడమ వైపు హెయిర్‌పిన్ మలుపులోనే ఉన్నాం. మనం రోడ్డుకు ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఎడమ మలుపే ఇరుకు, స్టీరింగ్ దాదాపు ఆఖరుదాకా తిప్పాలి. తిన్నటి రోడ్డు మీద ఎంత గోతిలో పడినా లైటు రాలేదు. ఇంకో సంగతి, మా బండిలో ఆ లైటు ఒకసారి వెలిగితే ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి కాస్త నడిపేదాకా ఆరదు. అందుకే లైటు ఉందా లేదా అన్నది కాదు, మొదట ఎక్కడ వెలిగింది అన్నదే పనికొచ్చే సమాచారం. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆగి ఫోన్‌లో రాసిపెట్టుకున్నాం.

అరకులో దిగిన ప్రైవేటు బస ఫొటోల్లో బాగుంది. దారి నిటారుగా, వదులు కంకరతో ఉంది, ఫోర్ బై ఫోర్ కాబట్టి ఎక్కాం. మామూలు కారువాళ్లు కిందే పెట్టి సామాను మోసుకున్నారు. వేడినీళ్లు పొద్దున ఒక్క గంటే. పిల్లలతో వెళ్లేవాళ్లు పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్ట్ చూసుకోవడం మేలు. గదులు పాతబడ్డాయి గానీ బండి పెట్టుకోవడానికి జాగా ఉంది. బొర్రా గుహలు శని, ఆదివారాల్లో అయితే వదిలేయండి, జనమే తప్ప గుహ కనబడదు.

డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు వెళ్లే దారిలో మేం వెళ్లినప్పుడు 516ఈ జాతీయ రహదారి పనులు నడుస్తున్నాయి. తారు ఉన్నంతసేపు హాయి, డైవర్షన్ వస్తే ఎర్ర బురద.

పాడేరులో టైర్ల షాపు పక్కన టార్పాలిన్ కింద కూర్చున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు పెద్ద వయసే. స్కానర్ లేదు, మల్టీమీటర్ ఉంది. "ఎప్పుడొస్తంది బాబూ, వానలోనా, గోతిలోనా, మలుపులోనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న వైజాగ్‌లో ఎవరూ అడగలేదు. ఎడమ మలుపులో అనగానే ముందు చక్రాలు ఒక్కొక్కటే జాకీ మీద లేపాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగ్ లూజు లేదని తేల్చుకున్నాడు. బేరింగ్ ఆడితే, చక్రం వేగాన్ని ఏబీఎస్‌కు చెప్పే సెన్సార్‌కూ చక్రంతో తిరిగే పళ్ల రింగుకూ మధ్య సందు మారిపోయి ఇదే లైటు వస్తుందట. కుడి చక్రం సెన్సార్ విప్పి చూపించాడు. దాని కొనలో అయస్కాంతం ఉంటుంది కదా, నల్లటి ఇనుప రజను గడ్డంలా పట్టుకుని ఉంది. గుడ్డతో తుడిచి, రింగు పళ్లకు తుప్పు లేదని చూసి, సెన్సార్ వైరుకు మీటర్ పెట్టాడు. నిరోధం 1.2 కిలో ఓమ్. బాగానే ఉంది కదా అనుకున్నాం. మీటర్ తీయకుండా స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పమన్నాడు. అంకె మాయమైంది, అంటే లోపల ఎక్కడో తెగినట్టు. వెనక్కి తిప్పితే మళ్లీ 1.2.

వైరును పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. తిప్పినప్పుడల్లా వైరు లాక్కుని, పైన తొడుగు చెక్కుచెదరకుండానే లోపల రాగి తెగింది. నిలబెట్టిన బండికి స్కానర్ పెడితే ఏ చక్రమో తెలియొచ్చు గానీ, వైరు ఇలా తెగిందని తెలియదు. తెగిన ముక్క కోసేసి, టంకం వేసి, ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకునే తొడుగు) తొడిగి, కొంచెం వదులు ఉంచి కేబుల్ టైతో కట్టాడు. "ఇది ఇల్లు చేరడానికి. వంగే చోట టంకం నిలవదు, వెళ్లాక సెన్సార్ వైరుతో సహా మార్పించు" అన్నాడు. తీసుకున్నది 400 రూపాయలు. బండి కాస్త వేగం అందుకున్నాక లైటు ఆరింది.

పాడేరు దగ్గరి వనజంగి కొండకు, కింద పరుచుకునే మేఘాలు చూడాలంటే, తెల్లవారకముందే వెళ్లాలి. సొంత బండి కింద పెట్టి స్థానిక జీపు ఎక్కడమే మంచిది, ఆ రాళ్లదారి వాళ్లకు అలవాటు. మేఘాలు కుదిరితే అరకు కంటే ఇదే నచ్చుతుంది. లంబసింగి మీద నాకు అంత మోజు లేదు. చలికి వణుకుతూ టీ తాగడం, తాజంగి రిజర్వాయర్ దగ్గర కాసేపు, అంతే. జనవరిలో గుడారాల రేట్లు మాత్రం ఆకాశంలో ఉంటాయి, దుప్పట్లు పల్చన.

అక్కడి నుంచి నర్సీపట్నం దిగే ఘాట్‌లో మంచు విడిచేదాకా ఆగి, ఎక్కువగా రెండో గేరులోనే దిగాం. ఎడమ మలుపులన్నీ అయ్యాయి, లైటు రాలేదు. ఇంటికొచ్చాక మా వీధి మెకానిక్ చేత కొత్త సెన్సార్, కొత్త క్లిప్పు వేయించాను. ఎడమ చక్రం వైరు కూడా చూడమంటే అక్కడి క్లిప్పు సగం విరిగి ఉంది, అదీ మార్చాడు.