టోక్యో, క్యోటో చూశాక ఏ దీవికి: మియాజిమానా, నావోషిమానా, ఒకినావానా?

మొదటిసారి జపాన్ వెళ్లేవాళ్లు వేసుకునే ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. టోక్యోకి నాలుగు రోజులు, క్యోటో, ఒసాకాలకి ఇంకో నాలుగు. ఆ పైన మిగిలే రెండు మూడు రోజుల దగ్గరే ఇంట్లో పేచీ మొదలవుతుంది. పిల్లలు ఒకినావా బీచ్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పసుపు గుమ్మడికాయ బొమ్మ చూసినవాళ్లు నావోషిమా అంటారు. పెద్దవాళ్లకి నీళ్లలో నిలబడ్డ ఎర్ర ద్వారం చూడాలని ఉంటుంది, అది మియాజిమా.

నా ఓటు మియాజిమాకే, అదీ ఒక రాత్రి అక్కడే ఉండేట్టయితే. ఒకినావా తక్కువదని కాదు. దానికి విడిగా ఒక ట్రిప్ కావాలి, చివర్లో అతికించుకుంటే అలసటే మిగులుతుంది. నావోషిమా మాత్రం అందరికీ కాదు.

ముందు దారి సంగతి. మియాజిమా, నావోషిమా రెండూ హోన్షు, షికోకుల మధ్యనున్న సెటో లోసముద్రంలోవి. క్యోటో నుంచి పడమరకి పోయే బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో ఒకాయామాలో దిగితే నావోషిమాకి దారి, ఇంకా ముందుకెళ్లి హిరోషిమాలో దిగితే మియాజిమాకి. ఒకినావాకి రైలు లేదు. టోక్యో నుంచి విమానంలో దాదాపు మూడు గంటలు, ఒసాకా నుంచి రెండు గంటల పైన. ఎయిర్‌పోర్టుల్లో గడిచే టైము కలిపితే పోవడానికి ఒక పూట, రావడానికి ఒక పూట. మూడు రోజుల్లో ఒక రోజు అక్కడే పోయింది.

ఇక డబ్బు. జపాన్ రైల్ పాస్ కొనేయమని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. ఆ కాలం అయిపోయింది. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కి పెరిగింది. టోక్యో-క్యోటో ఒకవైపు టికెట్టు 14,000 యెన్ల దరిదాపుల్లో ఉంటుంది, రానూపోనూ కలిపినా పాస్ డబ్బులు గిట్టవు. క్యోటోలో ఉండి హిరోషిమా వెళ్లొచ్చేవాళ్లకి కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్ నయం. అదే ధరల మార్పు తర్వాత అయిదు రోజులకి 17,000 యెన్లు, జేఆర్ (జపాన్ రైల్వేస్) వాళ్ల మియాజిమా ఫెర్రీ కూడా అందులోనే. కొనేముందు ధర ఒకసారి సరిచూసుకోండి. ఒక మెలిక ఉంది: క్యోటో, షిన్-ఒసాకా మధ్య షింకన్‌సెన్‌లో ఈ పాస్ చెల్లదు. అంతవరకు మామూలు జేఆర్ రైల్లో వెళ్లి, అరగంట కూడా పట్టదు, షిన్-ఒసాకాలో షింకన్‌సెన్ ఎక్కాలి.

మియాజిమా

హిరోషిమా స్టేషన్ నుంచి లోకల్ రైల్లో అరగంట, దిగాక ఫెర్రీలో పది నిమిషాలు. దీవిలోకి వెళ్లేవాళ్ల దగ్గర 2023 అక్టోబరు నుంచి 100 యెన్ల పన్ను తీసుకుంటున్నారు, పాస్ ఉన్నా అది విడిగా కట్టాలి.

ఇత్సుకుషిమా గుడి ముందు సముద్రంలో కనిపించే టొరీ ద్వారం 1875లో కట్టింది, ఎత్తు 16 మీటర్ల పైనే. స్తంభాలు నేలలో పాతినవి కావు. పై దూలంలో రాళ్లు నింపారు, ఆ బరువుతోనే నిలబడింది. అయితే మీరు ఏ గంటకి వెళ్లారన్న దాన్నిబట్టి ఇక్కడ చూసేది మారిపోతుంది. పోటు మట్టం 250 సెంటీమీటర్లు దాటితే ద్వారం నీళ్లలో తేలుతున్నట్టుంటుంది. 100 కంటే తగ్గితే బురదలో నడుచుకుంటూ దాని కాళ్ల దగ్గరికి పోవచ్చు. ఈ రెండింటికీ మధ్య సుమారు ఆరు గంటల తేడా. పొద్దున వచ్చి మధ్యాహ్నం ఫెర్రీకి వెళ్లిపోయేవాళ్లు రెండింట్లో ఒక్కటే చూస్తారు, ఒక్కోసారి ఏదీ సరిగ్గా చూడరు. అందుకే రాత్రి ఉండమనేది. హోటల్ కంటే ముందు ఆ తేదీల ఆటుపోట్ల పట్టిక చూడండి, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. సాయంత్రానికి జనమంతా వెళ్లిపోతే వీధుల్లో మీరూ జింకలే. క్యోటో దగ్గరి నారాలోలా వాటికి బిస్కెట్లు కొనిపెట్టడం ఇక్కడ కుదరదు, తిండి పెట్టకూడదు. మీ చేతిలో మ్యాపు కనిపిస్తే మాత్రం అవే లాక్కుని నమిలేస్తాయి.

దీవిలో బస ఖరీదే. బడ్జెట్ తక్కువైతే ఫెర్రీకి ఇవతలి ఒడ్డున, మియాజిమాగుచిలో, ఉండొచ్చు. మిసెన్ కొండ 535 మీటర్లు. రోప్‌వే ఉందని అమ్మానాన్నల్ని తీసుకెళ్తే, అది దిగాక శిఖరానికి ఇంకో అరగంట ఎక్కుడు ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే రోప్‌వే దగ్గర్నుంచే సముద్రం చూసి దిగిపోవడం మంచిది.

హిరోషిమాలో శాంతి స్మారక మ్యూజియం తప్పకుండా చూడండి, పెద్దలకి టికెట్టు 200 యెన్లే. కానీ ఊరికే అలా చూసి వచ్చే మ్యూజియం కాదది. 1945 ఆగస్టు 6న కాలిన పిల్లల బట్టలూ వస్తువులూ చూశాక ఎవరికీ షాపింగ్ మీద మనసు పోదు. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం నుంచి దీవి, ఈ వరస నాకు సరిగ్గా అనిపిస్తుంది. చిన్నపిల్లల్ని లోపలికి తీసుకెళ్లాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకోండి.

నావోషిమా

ఆధునిక కళ మీద నిజంగా ఇష్టం ఉంటే ఈ దీవికి సాటి లేదు. ఆర్కిటెక్ట్ తడావో ఆండో కట్టిన చిచు మ్యూజియం 2004లో తెరిచారు. దాదాపు అంతా భూమిలోపలే, అయినా ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన కలువల చిత్రాలు పగటి వెలుతురులోనే చూస్తాం. మబ్బు పడితే గది రంగు మారుతుంది. ఇక్కడ ఫోటోలు తీయనివ్వరు. టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, సోమవారాలు సెలవు. ఈ రెండూ చూసుకోకుండా వెళ్తే గేటు చూసి రావడమే.

జపాన్ కళాకారిణి యాయోయ్ కుసామా చేసిన ఆ పసుపు గుమ్మడికాయ 2021 ఆగస్టు తుఫానులో సముద్రంలోకి కొట్టుకుపోయింది. 2022 అక్టోబరులో కొత్తది పెట్టారు. దానితో ఒక ఫోటో కోసమే అయితే ఇంత దూరం వద్దు. ఒకాయామాలో రైలు దిగి, యునో రేవుకి ఇంకో రైలు, అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల ఫెర్రీ, ఆ తర్వాత బస్సో సైకిలో. ఇదంతా చేసి పెద్దవాళ్లని కాంక్రీటు గోడల ముందు నిలబెడితే "దీనికేనా ఇంత దూరం తెచ్చావు?" అని అడుగుతారు, అడగడంలో తప్పూ లేదు. కళ ఇష్టమైనవాళ్లు మాత్రం పక్కనున్న తెషిమా కూడా కలుపుకోండి. అక్కడి మ్యూజియంలో ఒక్క స్తంభం కూడా లేదు, నేలలోంచి నీటి బొట్లు ఊరి జారుతుంటాయి. అంతకుమించి ఏమీ ఉండదు, గంట గడిచిపోతుంది.

ఒకినావా

ఇది ఒకప్పుడు ర్యూక్యూ రాజ్యం. 1879లో జపాన్ కలిపేసుకుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1972 దాకా అమెరికా పాలనలో ఉంది. అందుకే తిండీ, పాటా, ఊళ్ల తీరూ వేరు. క్యోటో గుళ్లు చూసిన కళ్లతో వెంటనే ఇక్కడికొస్తే ఇంకో దేశానికి వచ్చినట్టే ఉంటుంది. ఆ రాజుల షురి కోట ప్రధాన భవనం 2019 అక్టోబరులో కాలిపోయింది, దాన్ని మళ్లీ కట్టే పని చేపట్టారు.

మోనోరైలు ఇక్కడి ముఖ్య పట్టణం నాహా చుట్టుపక్కలకే. తిమింగల సొరలున్న చురౌమి అక్వేరియం నాహా నుంచి కారులో రెండు గంటలు. అంటే బస్సుల కోసం ఎదురుచూసే ఓపిక లేకపోతే కారు నడపాలి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి ఇది తేలికే, అక్కడా ఎడమవైపే నడపాలి. మన లైసెన్సు ఒక్కటే చాలదు, ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ దగ్గరుండాలి. అమెరికా నుంచి వెళ్లే మనవాళ్లు మాత్రం మొదటి రోజు నెమ్మదిగా నడపండి. ఒకినావా కూడా అమెరికా లెక్కన కుడివైపే నడిచేది, 1978 జూలై 30న ఒక్క రాత్రిలో ఎడమకి మారింది.

అసలు చిక్కు నెలతో. మే రెండో వారం నుంచి జూన్ చివరి దాకా వానలు. ఆ తర్వాత అక్టోబరు దాకా తుఫాన్లు, ఆగస్టు, సెప్టెంబరుల్లో మరీ ఎక్కువ. విమానాలు రద్దవుతాయి, చిన్న దీవుల పడవలు ఆగిపోతాయి. ఇండియాలో బడి సెలవులు మేలో, అమెరికాలో జూలై, ఆగస్టుల్లో. రెండూ సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. ఏప్రిల్ ఆఖరున వెళ్దామంటే జపాన్ వాళ్లందరికీ గోల్డెన్ వీక్ సెలవులు, హోటల్ ధరలు చెప్పక్కర్లేదు. దసరా సెలవులు అక్టోబరులో పడిన ఏడాది ఒకినావా గురించి ఆలోచించొచ్చు. అప్పుడైతే కనీసం నాలుగు రాత్రులు పెట్టుకుని, తోమారి రేవు నుంచి కెరామా దీవులకి ఒక రోజు వెళ్లండి. వైజాగ్ వాళ్లు కూడా ఆ నీళ్లు చూసి కాసేపు మాట్లాడరు. సంక్రాంతి రోజుల్లో ఈత కుదరదు గానీ, జనవరి నుంచి మార్చి దాకా అక్కడికి తిమింగలాలు వస్తాయి.

తిండి

శాకాహారులకి ఎక్కడైనా కష్టమే. మాంసం వద్దన్నా పులుసులో చేపలతో కాచిన రసం, దాషి, ఉంటుంది, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. హిరోషిమా ఒకోనోమియాకిలో (క్యాబేజీ వేసిన అట్టు) పంది మాంసం తీసేయమని అడగొచ్చు, పైన చల్లే చేప పొడి కూడా వద్దని చెప్పాలి. ఒకినావాలో మన కాకరకాయ కూర దొరుకుతుంది, గోయా చంపురు అంటారు, కానీ అందులో గుడ్డూ పంది మాంసమూ మామూలే. దీవిలో ర్యోకాన్ (జపాన్ సంప్రదాయ బస) బుక్ చేసేటప్పుడే శాకాహారమని రాయండి, కుదరదంటే భోజనం లేకుండా గది తీసుకోండి. ఇంటి నుంచి ఆవకాయ తీసుకెళ్లండి. చికెన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసంతో చేసినవి జపాన్ కస్టమ్స్ లోపలికి రానివ్వదు.

సామాను విషయానికొస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన సూట్‌కేసుకి షింకన్‌సెన్‌లో దాని చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. ఆ బాధ పడేకంటే క్యోటో హోటల్ రిసెప్షన్‌లోనే టక్యూబిన్ (సామాను చేరవేసే కొరియర్) ఫారం నింపి, పెద్ద పెట్టెల్ని తర్వాతి నగరంలోని హోటల్‌కి పంపేసి, వీపు మీద ఒక్క బ్యాగుతో ఫెర్రీ ఎక్కండి.