ఉద్దానం లెక్కలు ఎవరి చేతిలో ఉండాలి?

ప్రభుత్వ నిధులతో పరిశోధన చేసేవారికి ఒక ప్రశ్న తప్పదు: సేకరించిన డేటాను ఎక్కడ జమ చేస్తారు, ఎవరికి ఇస్తారు? దారులు మూడు. అడిగినవారికి మనమే పంపడం, అందరికీ బహిరంగంగా పెట్టడం, భద్రపరిచి అర్హులకే ఇవ్వడం. చాలామంది మొదటిదే రాసి చేతులు దులుపుకుంటారు. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం విషయంలో అంతకన్నా చెడ్డ దారి లేదని నా అభిప్రాయం.

కవిటి, సోంపేట మండలాల పాత నీటి పరీక్షల అంకెల కోసం ఒక పేపరు రచయితకు ఉత్తరం రాశాను. మెయిలు తిరిగి వచ్చింది, ఆయన ఉద్యోగం మారారు. కొత్త చిరునామా వెతికి రాస్తే, అప్పటి విద్యార్థిని అడగమన్నారు. ఆ విద్యార్థి ల్యాప్‌టాప్ ఎప్పుడో పాడైపోయింది. ఇది నా ఒక్కడి గోడు కాదు. 2019 జనవరిలో బయోమెడ్ సెంట్రల్ పత్రికల్లో వచ్చిన పేపర్లలో ‘అడిగితే ఇస్తాం’ అని రాసుకున్నవి 1,792. క్రొయేషియా పరిశోధకులు ఆ రచయితలను నిజంగానే అడిగి చూశారు. 122 పేపర్ల డేటా మాత్రమే చేతికి వచ్చింది. నూటికి ఏడు కూడా కాదు.

ఇంకెక్కడైనా డేటా పోతే మళ్లీ సేకరించుకోవచ్చు. ఇక్కడ అదీ కుదరదు. కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అది ఏళ్ల తరబడి లోలోపల ముదిరి బయటపడుతుంది. కాబట్టి తెలియాల్సింది రోగి ఈరోజు తాగే నీటి సంగతి కాదు, పదిహేనేళ్ల కిందట తాగిన నీటి సంగతి. 2023 డిసెంబరులో ప్రారంభించిన పథకంతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీరు ఈ ఊళ్లకు వస్తోంది. సంతోషమే. కానీ జనం నేలబావుల మీదే ఆధారపడిన రోజుల కొలతలు ఎవరి ల్యాప్‌టాప్‌తోనో పోతే, ఆ రోజులను మళ్లీ ఎవరు తెస్తారు?

బావుల డేటాకు బహిరంగ దారే మేలు. యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు, మామూలుగా ఒక్కో రికార్డుకు 50 గిగాబైట్ల వరకు. డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఇస్తారు కనుక, మనం ఉద్యోగం మారినా అడ్రసు మారదు. అయితే వట్టి ఎక్సెల్ ఫైలు పడేస్తే డేటా ఇచ్చినట్టు కాదు. నీటిలో సిలికా అనే ఖనిజం పరికరం పట్టుకోలేనంత తక్కువగా ఉన్నచోట ఒకరు సున్నా వేస్తారు, మరొకరు ఖాళీ వదిలేస్తారు, ఇంకొకరు 999 వేస్తారు. వివరణ పత్రం లేకపోతే ఆ 999ని కూడా కలిపి సగటు తీసే మహానుభావులు ఉంటారు. ఇంకొక జాగ్రత్త: అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా ఇస్తే సుమారు 11 మీటర్ల దగ్గరకు తీసుకెళ్లి ఫలానావారి పెరటి బావి అని చూపినట్టే. రెండు అంకెలకు కుదిస్తే కిలోమీటరు పైచిలుకు తేడా వస్తుంది. భూగర్భ నిపుణులకు ఇది నచ్చదు. బావి యజమానికి నచ్చుతుంది. నేను యజమాని పక్షం.

రోగుల డేటా సంగతి వేరు. పేరు తీసేస్తే చాలనుకునేవారు మన ఊళ్లు చూసి ఉండరు. ‘వజ్రపుకొత్తూరు మండలం, 46 ఏళ్లు, జీడిపప్పు కార్ఖానాలో పని, డయాలసిస్ మొదలై రెండేళ్లు’ అని టీ కొట్టు దగ్గర చదవండి, గ్లాసు ఖాళీ అయ్యేలోపు మనిషి ఎవరో చెప్పేస్తారు. ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారా అని పెళ్లి సంబంధాల దగ్గర ఆరా తీసే ప్రాంతమిది. బహిరంగంగా పెట్టిన ఫైలును ఎవరో దింపుకున్నాక వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అందుకే దీనికి మూడో దారి: ఏయే రకాల వివరాలు సేకరించారన్న జాబితా అందరికీ కనబడాలి, అసలు ఫైలు మాత్రం పరిశోధన ప్రణాళిక చూపి, ఒప్పందం మీద సంతకం పెట్టినవారికే అందాలి.

ప్రభుత్వ సొమ్ముతో చేసినది కాబట్టి అంతా బయట పెట్టాల్సిందేనని వాదించేవారు 2012 నాటి జాతీయ డేటా విధానాన్ని ఒకసారి తిరగేయాలి. బహిరంగ, నమోదిత, పరిమిత అని మూడు రకాల అందుబాటునూ అదే ఒప్పుకుంది. జీవశాస్త్ర డేటా కోసం 2022లో ఫరీదాబాద్‌లో మొదలైన జాతీయ కేంద్రంలోనూ పరిమిత పద్ధతికి చోటుంది.

మూడో దారికీ ఒక జబ్బు ఉంది. అనుమతి కమిటీ ఏడాదికోసారి కూడా కూర్చోకపోతే అది పేరు మార్చుకున్న మొదటి దారే. అందుకే దరఖాస్తుకు ముప్పై రోజుల్లో జవాబు, నిరాకరిస్తే రాతపూర్వకంగా కారణం అని ముందే రాయించుకోవాలి. బాధ్యత ఒక ప్రొఫెసరు పేరున కాక, ఆయన పదవీ విరమణ తర్వాతా ఉండే విభాగం పేరున ఉండాలి.

అన్నిటికన్నా ముందు అంగీకార పత్రం. ఒక సర్వేలో వేలిముద్ర వేయబోతూ ఒక పెద్దావిడ నన్ను అడిగింది: “ఈ కాగితం ఇంకెవరెవరు చూస్తారు బాబూ?” మా పత్రంలో ఆ ప్రశ్నకు జవాబే లేదు. ఆమె వివరాలను ఇంకెవరికీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. కొత్త పత్రంలో మాత్రం ‘పేరు తీసేసి, అనుమతి పొందిన ఇతర పరిశోధకులకు ఇవ్వవచ్చునా?’ అని విడిగా అవును, కాదు గడులు పెట్టాం.