థ్రెడ్ గేజ్: ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో చిన్నా పెద్దా ఏదో ఒకటి బిగించుకునే అలవాటున్నవాళ్లకు వెర్నియర్ క్యాలిపర్ తర్వాత నేను కొనమని చెప్పే పనిముట్టు థ్రెడ్ గేజ్. బోల్టు మీది చుట్లు (థ్రెడ్లు) ఎంతెంత దూరంలో ఉన్నాయో పళ్లున్న సన్నటి రేకులతో, అంటే ఆకులతో, పోల్చి చూసే సాధనం ఇది. చాలామంది దీన్ని లేత్ మిషన్ వాళ్ల సరుకు అనుకుని వదిలేస్తారు. నా దగ్గరున్నది మార్కెట్లో మామూలుగా దొరికే 52 ఆకుల రకం. ఒక చివర మెట్రిక్ ఆకులు, రెండో చివర అంగుళాలవి. కొన్ని వందల రూపాయల్లో వచ్చింది. కెమెరా స్లైడర్, త్రీడీ ప్రింటర్, బైక్ రిపేర్లు, కుళాయి పనులు... అన్నిటికీ ఇదే వాడుతున్నాను.

మన దగ్గర దీని అవసరం ఇంకా ఎక్కువ. ఒకే టేబుల్ మీద మూడు రకాల థ్రెడ్లు కలిసిపోయి ఉంటాయి. బైక్ బోల్టులు మెట్రిక్. కుళాయిలు, పైపులు బ్రిటిష్ పైపు థ్రెడ్ బీఎస్‌పీ. కెమెరా ట్రైపాడ్ స్క్రూ, 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ స్క్రూలు అమెరికన్. సికింద్రాబాద్ రాణిగంజ్ పాత కొట్లలోనైతే ఇప్పటికీ సూత్ లెక్క నడుస్తుంది. రెండు సూత్‌లంటే పావు అంగుళం. అక్కడ ఒక బోల్టు చూపించి 'ఇలాంటిదే ఇంకోటి' అంటే చేతికొచ్చేది ఒక్కోసారి దాని దగ్గరి చుట్టం మాత్రమే.

వాడకం తేలికే. ఆకును చుట్ల మీద పెట్టి, వెనక నుంచి వెలుతురు పడేలా పట్టుకోవాలి. పళ్లు చుట్లలో పూర్తిగా దిగి, మధ్యలో వెలుతురు కనబడకపోతే ఆ ఆకు మీదున్న అంకే పిచ్. మెట్రిక్‌లో అది రెండు చుట్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. అంగుళాల వైపు ఒక అంగుళంలో ఎన్ని చుట్లున్నాయన్న లెక్క.

చిక్కంతా ఇక్కడే. ట్రైపాడ్ స్క్రూ పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. అంటే పిచ్ 1.27 మిల్లీమీటర్లు. మామూలు ఎం8 బోల్టు (మెట్రిక్, 8 మిల్లీమీటర్ల వ్యాసం) పిచ్ 1.25. పది చుట్లకు కలిపి తేడా 0.2 మిల్లీమీటరు. ట్రైపాడ్ స్క్రూకు బయటికి కనిపించేవే నాలుగైదు చుట్లు, కాబట్టి 1.25 ఆకు కూడా చక్కగా దిగినట్టే ఉంటుంది. గేజ్‌ను ఒక్కదాన్నే నమ్మితే ఇక్కడ బోల్తా పడతాం. క్యాలిపర్ పెడితే 6.3కి కొంచెం తక్కువ చూపిస్తుంది. ఎం8 అయితే 8కి దగ్గర్లో ఉండాలి. అక్కడితో సందేహం తీరిపోతుంది. అందుకే ముందు వ్యాసం కొలిచి, తర్వాతే గేజ్ తీస్తాను.

క్యాలిపర్ ఒక్కటే ఉన్నా చాలదు. 5/16 అంగుళాల బోల్టు వ్యాసం 7.94, అంటే చూడ్డానికి ఎం8 లాంటిదే. ఎం8 నట్టు దాని మీద ఒకటి రెండు చుట్లు హాయిగా తిరిగి బిగుసుకుపోతుంది. కొంచెం గట్టిగా తిప్పితే పోతుందిలే అని పానా పెట్టామా, థ్రెడ్ పాడైనట్టే. దాని అసలు లెక్క అంగుళానికి 18 చుట్లు, పిచ్ 1.41. గేజ్ పెడితే క్షణంలో తేలిపోతుంది. బైక్ అద్దాల దగ్గర కూడా ఇదే తంతు. చాలా బైకుల్లో అద్దం కాడ ఎం10, పిచ్ 1.25. హార్డ్‌వేర్ షాపులో మామూలుగా ఇచ్చే ఎం10 బోల్టు 1.5. రెండింటినీ ఎం10 అనే పిలుస్తారు, కానీ ఒకదాన్లో ఒకటి పట్టదు. ఆ కాడ సంగతి చూసేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి: యమహా బైకుల్లో చాలావాటికి కుడి అద్దం ఎడమ చుట్టు, అంటే మామూలుకు వ్యతిరేకంగా తిప్పి బిగించేది. సైకిల్ ఎడమ పెడల్ కూడా అంతే. గేజ్ ఆ విషయం చెప్పదు, కంటితో చూసుకోవాల్సిందే.

ఇక దీంట్లో నాకు నచ్చనిది. అంగుళాల ఆకుల పళ్లన్నీ విట్‌వర్త్ కోణంలో, అంటే పన్ను రెండు వాలుల మధ్య 55 డిగ్రీలు ఉండేలా కోసినవి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన కోణం అది. అమెరికన్ థ్రెడ్లు, మెట్రిక్ రెండూ 60 డిగ్రీలు. అందుకని యూఎన్‌సీ (మామూలు అమెరికన్ థ్రెడ్) స్క్రూ మీద ఈ ఆకు పెడితే అంకె సరిపోతుంది గానీ పళ్ల పక్కన సన్నటి వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది. కొత్తవాళ్లకు అది చూసి ఆకు తప్పేమో అన్న టెన్షన్ మొదలవుతుంది. పెట్టె మీద ఈ కోణం సంగతి రాసి ఉంటే బాగుండేది.

అదే 55 డిగ్రీలు పైపుల దగ్గర నాకు ఎంతో పనికొచ్చింది. బయటి దేశం నుంచి వచ్చిన ప్రెషర్ సెన్సర్లు, ఎయిర్ ఫిటింగులు తరచుగా అమెరికన్ పైపు థ్రెడ్ ఎన్‌పీటీలో ఉంటాయి. పావు అంగుళంలో బీఎస్‌పీకి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. ఇది సులువు. అర అంగుళం, ముప్పావు అంగుళంలో మాత్రం రెండింటికీ 14 చుట్లే. అప్పుడు తేల్చేది కోణమే: బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. బీఎస్‌పీ మీద ఆకు వెలుతురు లేకుండా కూర్చుంటుంది, ఎన్‌పీటీ మీద కూర్చోదు. ఈ రెండింటినీ కలిపి ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా లీకు ఆగుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

త్రీడీ ప్రింటర్ కడ్డీ దగ్గర ఇంకో మెలిక ఉంది. ప్రింటర్ భాగాన్ని పైకీ కిందికీ కదిపే 8 మిల్లీమీటర్ల థ్రెడ్ కడ్డీల్లో (లీడ్ స్క్రూల్లో) బాగా దొరికే రకానికి చుట్టు చుట్టుకు దూరం 2 మిల్లీమీటర్లే. కానీ దాంట్లో నాలుగు థ్రెడ్లు పక్కపక్కనే నడుస్తాయి, అందుకని ఒక తిప్పుకు నట్టు 8 మిల్లీమీటర్లు కదులుతుంది. సెట్టింగులో 2 వేస్తే ప్రింట్ ఎత్తు నాలుగింతలవుతుంది. దీని థ్రెడ్ కోణం 30 డిగ్రీలు కాబట్టి మామూలు ఆకు సరిగా కూర్చోదు కూడా. కడ్డీ చివర ఎన్ని థ్రెడ్లు మొదలవుతున్నాయో లెక్కపెట్టడమే సరైన దారి.

ట్యాప్ కొట్టేటప్పుడు, అంటే రంధ్రంలో థ్రెడ్ కోసేటప్పుడు, పిచ్ తెలిస్తే రంధ్రం సైజు కూడా తెలిసిపోతుంది. వ్యాసంలోంచి పిచ్ తీసేయడమే: ఎం6కి 5 మిల్లీమీటర్ల డ్రిల్లు, ఎం4కి 3.3, ఎం8కి 6.75 వస్తుంది కాబట్టి 6.8.

ఎం8, ఎం10 నట్టుల లోపలి థ్రెడ్ కొలవడం ఈ గేజ్‌తో కుస్తీయే, ఆకు లోపల సరిగా నిలబడదు. తెలిసిన బోల్టు ఎక్కించి చూడటం మేలు. 0.5 కంటే సన్నటి ఆకులు తొందరగా వంగిపోతాయి. వానాకాలంలో తుప్పు పడుతుంది, మిషన్ ఆయిల్ రాసి పెట్టాలి. అంకెలు లోతుగా చెక్కిన గేజ్ చూసి తీసుకోండి, పైపైన అచ్చు వేసినవి చేతి చెమటకే చెరిగిపోతాయి. కంప్యూటర్, కెమెరా పనులు ఎక్కువగా చేసేవాళ్లయితే 60 డిగ్రీల అంగుళాల ఆకులున్న సెట్టు విడిగా అడిగి కొనండి.