ఫిజిక్స్ క్లాసుకు పాకెట్ రేడియో, గ్యాస్ లైటర్: ఏళ్లు వాడాక నా మాట

విద్యుదయస్కాంత తరంగాల పాఠం చెప్పేవాళ్లు డయల్ తిప్పే పాత రకం పాకెట్ రేడియోలు రెండు, వంటింటి గ్యాస్ లైటర్ ఒకటి కొనిపెట్టుకోండి. పరకాల వైపు జూనియర్ కాలేజీలో సెకండియర్ పిల్లలకు ఏళ్లుగా వీటితోనే చూపిస్తున్నాను. ల్యాబ్‌లో ఖరీదైన కిట్ కూడా ఉంది. దాని సాకెట్లలో వైర్లు గుచ్చేసరికే సగం పీరియడ్ అయిపోతుంది. పైగా అన్ని వైర్లు చూశాక, తరంగం గాలిలోనే వెళ్లిందంటే పిల్లలు నమ్మరు.

లైటర్‌తో ఆ సమస్య లేదు. రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి, కాస్త దూరంలో లైటర్ నొక్కితే స్పీకర్ టక్‌మంటుంది. డయల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడ పెట్టినా టక్కే. నిప్పురవ్వ ఒకేసారి ఎన్నో పౌనఃపున్యాలను వెదజల్లుతుందని అప్పుడు చెబితే ఇట్టే ఎక్కుతుంది. 1880ల చివర్లో జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నది ఇలాంటి రవ్వ పుట్టించిన తరంగాలనే. లైటర్ గొట్టానికి మీటరు వైరు చుడితే టక్ ఇంకా దూరం పోతుంది. యాంటెన్నా ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఎఫ్‌ఎంలో 103.5 మీద వరంగల్ ఆకాశవాణి పెట్టి నొక్కండి, పాట మీద ఆ టక్ దాదాపు పడదు. ఎఫ్‌ఎం గ్రాహకం కంపన పరిమితిలో వచ్చే మార్పులను పట్టించుకోదు మరి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది రెండు రేడియోల ప్రయోగం. ఒకదాన్ని 1055 కిలోహెర్ట్జ్ దగ్గర, ఉత్త హోరు వచ్చే చోట ఉంచాలి. రెండోదాన్ని దాని వీపుకు ఆనించి, 600 చుట్టుపక్కల డయల్‌ను మెల్లగా కదపాలి. ఒక చోట మొదటి రేడియో హోరు టక్కున అణిగిపోతుంది. అక్కడ ఏదైనా బలహీనమైన స్టేషన్ ఉంటే సన్నటి ఈల లేచి, డయల్‌తో పాటు స్థాయి మారుతుంది. రేడియో తాను పట్టే పౌనఃపున్యానికి 455 కిలోహెర్ట్జ్ ఎక్కువలో (600 దగ్గర పెడితే 1055లో) లోపల సొంతంగా డోలనాలు పుట్టిస్తుంది, అందులో కొంత బయటికి వస్తుంది. అంటే గ్రాహకమే చిన్న ప్రసారిణి! రెండు డయళ్ల తేడా పిల్లల చేతే లెక్క కట్టిస్తాను. గీతలు ముతక కాబట్టి 440 అనో 470 అనో వస్తుంది, అయినా డయల్ ఎక్కడ పెట్టినా తేడా దాదాపు అంతే ఉండడం వాళ్లకు భలే నచ్చుతుంది.

మోగుతున్న రేడియోను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేస్తే మీడియం వేవ్ స్టేషన్ మాయమవుతుంది. వెంటనే ఎవరో ఒకరు, "సార్, ఫోన్ డబ్బాల పెట్టినా మోగుతది గదా!" అంటారు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తాను. మీడియం వేవ్ తరంగదైర్ఘ్యం వందల మీటర్లు, 900 మెగాహెర్ట్జ్ ఫోన్ తరంగానిది 33 సెంటీమీటర్లే. మూత చుట్టూ ఉన్న సందు దానికి సరిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. క్లాసులో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు పెట్టినప్పటి నుంచి మీడియం వేవ్ నిండా గరగర. లైట్లు, చార్జర్లు ఆపాలి, లేదా పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లాలి. నేను వేపచెట్టు కిందికే తీసుకెళ్తున్నాను. సెలవుల ముందు సెల్స్ తీసేయకపోతే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. వాల్యూమ్ కంట్రోల్ కొన్నాళ్లకు బరబరమంటుంది, మార్పించుకుంటే మళ్లీ బాగుంటుంది.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కిట్లు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం చట్టానికి విరుద్ధం కాబట్టి నేను కొనను, పిల్లల్ని కొననివ్వను.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. కొత్త రేడియోల్లో చాలావాటికి పైన డయల్ ఉన్నా లోపల డీఎస్‌పీ చిప్ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చి పనిచేసే డిజిటల్ చిప్) ఉంటుంది. వాటిలో 455 ప్రయోగం కుదరదు. తిప్పుతుంటే స్టేషన్ మెల్లగా జారకుండా మెట్టు మెట్టుగా దూకితే అది చిప్ రేడియోనే. షాపులోనే రెండూ ఆన్ చేయించి పక్కపక్కన పెట్టి చూడండి. పాత రేడియోలు బాగుచేసేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది.